గుమ్మం ఇటేపు

పెన్షన్ కాగితం మీద ఒక సంతకం కోసం పోయిన సోమవారం పెద్దాఫీసుకు వెళ్ళాను. సోమవారం అర్జీల రోజని తెలిసీ వెళ్ళడం నా బుద్ధితక్కువ. గేటు దగ్గర్నుంచే జనం. లోపల జెండా దిమ్మ పక్కన, కార్లు ఆగే సిమెంటు నేల మీద, నలుగురు ఆడవాళ్ళు వంగి ముగ్గు పోస్తున్నారు. చుక్కల ముగ్గు కాదు, మెలికల ముగ్గూ కాదు. పన్నెండడుగుల గీత ఒకటి, దానికి అడ్డంగా పదడుగుల గీత, ఒక మూల వంటకి నాలుగడుగులు, ఒకచోట గీత తెగి గుమ్మం. కాగితం మీద ఉండాల్సిన ఇంటి ప్లాను అసలు కొలతలతో నేల మీద ఉంది.

ఆ గీతలు ఎవరివో నాకు తెలుసు. కానీ గీస్తున్నవాళ్ళలో ఆవిడ లేదు. ఆవిడ తోటికోడల్ని గుర్తుపట్టి, అప్ప రాలేదేమని అడిగాను. ఆవిడని నేను అప్పా అనే పిలిచేవాణ్ణి, అక్క అన్నట్టు.

"గురువారం ఎల్లిపోనాది బాబూ," అంది. "జొరం."

అంతే చెప్పి మళ్ళీ వంగి, వంకరపోయిన గీతని కొంగుతో తుడిచి సరిచేసుకుంది. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. కోపం ఎవరి మీదో ఇప్పుడే చెప్పేయొచ్చు గానీ, ఆ జాబితాలో నేను కూడా ఉన్నాను. అందుకని కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను.

నేను పేదల ఇళ్ళ విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పల్లెల్లో ఎవరి ఇల్లు ఎంతవరకు లేచిందో చూసి, ఇంటి మనిషిని ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీసి, ఫోన్లో యాప్‌లోకి ఎక్కించడం నా పని. ఆవిడ ఊరు ఆనందపురం దాటాక, బంతితోటల వెనక. ఊరి చివర పల్లపు భూమిలో పేదలకి స్థలాలిచ్చి కాలనీ అన్నారు. నేను మొదటిసారి వెళ్ళేటప్పటికి ఆవిడ తన పునాది మీద గొంతుక్కూర్చుని, ఇటుకని ఇటుకతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

"కాలనేదు," అని ఆ ఇటుకని పక్కన పడేసింది. తర్వాత నా వైపు చూసి, నువ్వు ఇంజినీరు బాబువా అని అడిగింది. కాదన్నాను. అయినా చనిపోయేదాకా నన్ను ఇంజినీరు బాబనే పిలిచింది.

నలభై ఏళ్ళు తట్ట మోసిన మనిషి. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లు లేచేటప్పుడు కొత్త పెళ్ళికూతురు, అక్కడే మొదలు. తర్వాత మధురవాడ అపార్ట్‌మెంట్లు, బీచిరోడ్డు హోటళ్ళు, పోర్టు వైపు గోడౌన్లు. మొగుడు మధ్యలోనే పోయాడు, తట్ట మాత్రం దిగలేదు. బస్సులో పక్కన కూర్చుంటే కిటికీలోంచి వేలు చూపించి లెక్క చెప్పేది. అది అయిదంతస్తుల దాకా నాను మోసినాను, ఆ పైన లిఫ్టు మిషనొచ్చింది. అదిగో ఆ డాబా, దాని మెట్లు మూడుసార్లు పగలగొట్టి కట్టించినారు, మేస్త్రీకి మతి నేదు. బిల్డింగుల పేర్లు ఆవిడకి తెలియవు. ఏ బిల్డింగు ఏ ఎండలో లేచిందో మాత్రం తెలుసు.

ఎక్కడికి వెళ్ళినా గోడని వేలి కణుపులతో తట్టడం ఆవిడ అలవాటు. మనం తలుపు తట్టినట్టు గోడ తట్టేది. తట్టి, తల పక్కకి వాల్చి వినేది. పెద్దాఫీసు వరండాలో నిలబడి అలాగే తట్టి, లోపల బోలు, ప్లాస్టరింగ్ వదిలీసింది అని తేల్చేసింది. పక్కనున్న గుమస్తా నవ్వాడు. ఆ వర్షాకాలంలోనే ఆ పెచ్చు ఊడి అతని స్కూటర్ మీద పడింది. ఇంకెప్పుడూ నవ్వలేదు.

ఇళ్ళ పథకం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. బేస్‌మట్టం లేస్తే ఒక బిల్లు, గుమ్మాల పైన లింటల్ పడితే ఇంకోటి, శ్లాబు పడితే మరోటి. ముందు కట్టాలి, నేను ఫొటో తీయాలి, ఆ తర్వాత బిల్లు. అంటే ఇల్లు కట్టుకోలేనివాళ్ళకి, ఇల్లు కట్టుకున్నాక సాయం చేస్తామన్నమాట. ఈ తెలివి ఎవరికి పుట్టిందో గానీ, వాళ్ళకి సొంతిల్లు ఉండే ఉంటుంది. ఇచ్చేది కూడా మొత్తం ఇంటికి సరిపడా ఇవ్వరు. మిగతాది లబ్ధిదారు వాటా అంటారు. సిమెంటు ధర పెరిగినప్పుడల్లా ఆ వాటా పెరుగుతుంది, ప్రభుత్వం వాటా మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ వాటా సంగతి గ్రామసభలో ఒకసారి ఒక పెద్దాయన మైకు పట్టుకుని వివరించాడు. ప్రజల భాగస్వామ్యం ఉంటేనే ఇంటి విలువ తెలుస్తుందన్నాడు. ఆవిడ కూర్చున్న చోటునుంచే అడిగింది.

"రోడ్డేసే కంట్రాటర్ని ఆడి వాటా అడిగినారేటి బాబూ? ఆడికి ముందే అడ్వాన్సిచ్చి రోడ్డెయ్యమంతారు. మాకు ఇల్లేసుకుని సూపించమంతారు. మా వాటా అంతారా, మీ డాబాలన్నిటికీ మోసీసినాం గదా, అది సాలదేటి?"

పెద్దాయన మైకు పక్కవాడికిచ్చేశాడు. నేను పుస్తకంలో "లబ్ధిదారులు హర్షం వ్యక్తం చేశారు" అని రాసుకున్నాను. అలాగే రాయాలి. ముప్పయ్యేళ్ళు అలాగే రాశాను.

ఆవిడ గోడలు లింటల్ దాకా లేచాయి. చెవుల పోగులు, మేక, తోటికోడలి కూలి, అన్నీ ఆ గోడల్లోకి వెళ్ళాయి. అక్కడ ఆగిపోయింది. శ్లాబు అంటే ఒక్క రోజులో పడాల్సిన పని. ఇనుము, సిమెంటు, కంకర, సెంట్రింగు చెక్కలు, పాతికమంది కూలీలు, అంతా ఒక్కసారే సమకూరాలి. తట్ట తట్టగా కట్టుకోవడానికి అది గోడ కాదు. నలభై ఏళ్ళు ఊరందరికీ శ్లాబులు పోసిన మనిషి తన గోడల మీద నీలం టార్పాలిన్ కట్టి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, కింద కాపురం పెట్టింది. గాలొచ్చినప్పుడల్లా ఆ టార్పాలిన్ కొట్టుకునే చప్పుడుకి నిద్రపట్టదని చెప్పేది. కాలనీలో అలాంటి ఇళ్ళు ఏడు. ఒక్క ఇంటికే శ్లాబు పడింది, అది కూడా ఆ ఇంటాయన కొడుకు అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పర్మినెంట్ అయ్యాడు కాబట్టి.

ఇక నా సంగతి. అది మార్చి నెలాఖరు. పైనుంచి రోజుకి నాలుగు ఫోన్లు. ఏ మండలంలో ఎన్ని శ్లాబులు పడ్డాయో సాయంత్రానికల్లా చెప్పాలి. లింటల్ దగ్గర ఆగినవాటిని శ్లాబుగా ఎక్కించేయమని పైవాడు చెప్పాడు. కాగితం మీద చెప్పలేదు, నోటితో చెప్పాడు. శ్లాబు చూపిస్తే బిల్లు పడుతుంది కదా, ఆ బిల్లుతోనే వాళ్ళు శ్లాబు వేసుకుంటారు, అందరికీ మంచిదే అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అది మంచి ఉపాయంలాగే తోచింది. దొడ్డిదారినైనా డబ్బు ముందుగా వాళ్ళ చేతికొస్తుందనుకున్నాను. కాలనీకి వెళ్ళి, ఏడుగురు ఆడవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని ఆ ఒక్క శ్లాబు ఇంటి ముందు నిలబెట్టాను.

ఆరుగురు మారు మాట్లాడకుండా నిలబడ్డారు. ఆవిడ మాత్రం గోడ తట్టి చూసింది.

"ఇది నా గోడ కాదు బాబూ."

ఫొటో పడితే బిల్లు పడుతుంది అప్పా, నిలబడు అన్నాను. నా మాట నమ్మింది. కొంగు సర్దుకుని, ఒకసారి తలెత్తి ఆ శ్లాబు అడుగుభాగం చూసి, నిటారుగా నిలబడింది. ఆ ఫొటోలో ఆవిడ మొహం బాగా వచ్చింది. సొంతింటి ముందు నిలబడ్డ మనిషిలాగే ఉంటుంది.

ఏప్రిల్ వచ్చింది, బిల్లు రాలేదు. ఇదిగో అదిగో అంటుండగానే పథకానికి కొత్త పేరు పెట్టారు. పేరు మార్చేటప్పుడు, శ్లాబు పడ్డ ఇళ్ళన్నీ పూర్తయిపోయినట్టు చూపించి పాత జాబితా మూసేశారు. కొత్త జాబితాలో ఆ ఏడుగురి పేర్లు లేవు. ఎందుకుంటాయి? వాళ్ళకి ఇళ్ళున్నాయి, ఫొటోలు కూడా ఉన్నాయి.

అప్పట్నుంచి ఆవిడ సోమవారాలు మొదలయ్యాయి. మొదట్లో అందరిలాగే అర్జీ కాగితం ఇచ్చేది. తన ఇంటికి బిల్లివ్వమని ఒక ముక్క, పల్లెల్లో పేదల ఇళ్ళకి మొత్తం ఖర్చు ప్రభుత్వమే ముందుగా పెట్టాలని ఇంకో ముక్క రాయించేది. రెండో ముక్క నీకెందుకమ్మా, నీ సంగతి చూసుకో అని అర్జీలు రాసేవాడు విసుక్కుంటే, అది నేకపోతే ఈ కాయితం వద్దు అని లేచిపోయేది. నాలుగు నెలలు అలా గడిచాక ఒక సోమవారం పాలపొడి డబ్బాలో ముగ్గు పట్టుకొచ్చింది. ఎందుకని అడిగితే, కాయితం మీద ఇల్లు సిన్నదిగా కనిపిత్తంది, అందుకే ఆళ్ళకి ఖర్చూ సిన్నదిగా కనిపిత్తంది అంది.

ఆ రోజు ఏదో ఫైలు పట్టుకుని నేనూ అక్కడికొచ్చాను. ఆవిడ జెండా దిమ్మ దగ్గర నూలుతాడు లాగి, మేస్త్రీలు పునాదికి పోసినట్టే ముగ్గు పోస్తోంది. గేటు కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. నిమ్మకాయలు ఎక్కడున్నాయని వెతికాడు పాపం, ఆఫీసుకి చేతబడి చేస్తోందనుకున్నాడు. చేతబడి కాదు నాయినా, ఇల్లు అని చెప్పింది. అతనికి అది అసలే అర్థంకాలేదు. నేను నవ్వుకుంటూ ఆవిడని పలకరించడానికి ముందుకు వెళ్ళాను. వెంటనే ఆగమని చెయ్యెత్తింది. గోడ తొక్కీసినావు ఇంజినీరు బాబూ అంది. నిజమే, చెప్పు కింద గీత చెరిగింది.

అప్పుడే పెద్ద ఆఫీసరు కారు దిగాడు. కుర్రాడు, కొత్తగా వచ్చాడు. ఏమిటిదని విసవిసా నడిచొచ్చి గీతల మధ్య నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళం బిగుసుకుపోయాం. ఆవిడ మాత్రం బస్సులో చోటు చూపించినంత మామూలుగా చెప్పింది.

"గోడ మీంచొచ్చీసినారు బాబూ. గుమ్మం ఇటేపు."

ఆ అబ్బాయిని మెచ్చుకోవాలి. ఒక్క క్షణం ఆగి, బయటికి నడిచి, చుట్టూ తిరిగి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టింది. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, కాళ్ళు జాపుకోండి, సరిపోద్దా అంది. సరిపోతుందన్నాడు. మాకూ సరిపోద్ది, పెద్దిల్లు అడగనేదు, ఇచ్చీ ఇల్లు మొత్తంగా ఇమ్మంతన్నాం అంది. సగం ఇల్లిచ్చారని ఎవరూ సగం కాపురం చెయ్యరు కదా అని అడిగింది. అతను నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ముందుగా డబ్బు, పూర్తి ఖర్చు, ధర పెరిగితే సాయమూ పెరగడం, అన్నీ రాసుకుని పైకి రాస్తానన్నాడు. రాశాడని కూడా తర్వాత తెలిసింది. మంచివాడే. మంచివాడు రాసిన కాగితం మీద పైన ఎవరో "పరిశీలించవచ్చు" అని రాశారు. ఆర్నెల్లకి అతనికి బదిలీ అయింది. పరిశీలన ఇంకా జరుగుతూనే ఉండాలి.

ఆ రోజు అతను ఆవిడని లోపలికి తీసుకెళ్ళి, ముందు మీ ఇంటి సంగతి చూద్దామన్నాడు. నన్నూ రమ్మన్నారు. గుమస్తా కంప్యూటర్లో వెతికి, ఈవిడ ఇల్లు పూర్తయింది సార్ అన్నాడు. తెర ఆవిడ వైపు తిప్పాడు. నీలం రంగు గోడ, పైన శ్లాబు, ముందు కొంగు సర్దుకున్న మనిషి.

నేను తీసిన ఫొటోనే. రిటైర్మెంటుకి మూడు నెలలుంది. ఆవిడ తెరని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ తెరని చూసింది.

"మనిషిని నానే. ఇల్లు నాది కాదు."

ఎవరు తీశారమ్మా ఈ ఫొటో అని అడిగాడు ఆఫీసరు.

"ఎవురో బాబు తీసినాడు. మొకం గురుతు నేదు."

అక్కడ నిలబడి ఫైలు తాడు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉన్నాను. విచారణ చేయిస్తానన్నాడు ఆఫీసరు. చేయించాడు కూడా. విచారణ ఎవరికి వచ్చిందనుకున్నారు? మండలానికి వచ్చి, తిరిగి తిరిగి నా బల్ల మీదకే వచ్చింది. ఫొటో సరిగానే ఉందని నా పైవాడు రాయమన్నాడు, నేను రాశాను. ఇది చదివి మీరు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. నేను రోజూ తిట్టుకుంటున్నాను, మీరు కొత్తగా తిట్టేదేమీ లేదు.

ఆ రోజు బయటికొచ్చాక గేటవతల టీ బడ్డీ దగ్గర ఆవిడే నాకు టీ ఇప్పించింది. నా మొహం చూడలేక గ్లాసులోకి చూస్తూ, ఎందుకు చెప్పలేదప్పా అని అడిగాను. టీ ఊదుకుంటూ చెప్పింది.

"నీ పేరు సెప్తే నీ కొలువు పోద్ది, నా శ్లాబు రాదు. ఒక కొంప నిలబెట్టనేక ఇంకో కొంప కూల్చడం దేనికి బాబూ? ఆ తప్పు సేయించిన ఫోను ఉంది సూడు, పైనించి వొచ్చీది. దాన్ని అడగాల."

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. పూలదండ వేశారు, శాలువా కప్పారు. పేదల కోసం పాటుపడ్డ ఉద్యోగి అని ఎవరో మాట్లాడారు. నేను చేతులు జోడించి విన్నాను. ఆవిడ సోమవారాలు మాత్రం ఆగలేదు. ఆఫీసర్లు మారారు, ముగ్గు మారలేదు. గేటు కాపలావాడే ఆ చోటు ముందుగా ఊడ్చి ఉంచేవాడట. తెలిసినవాళ్ళు చెబుతూనే ఉన్నారు, నేను ఏ సోమవారమూ అటువైపు వెళ్ళలేదు.

మొన్నటి వానలకి టార్పాలిన్ చిరిగిందట. రెండు రోజులు తడిసిన నేల మీదే పడుకుందట. జ్వరం వచ్చింది, పెద్దాసుపత్రిలో చేర్చారు, గురువారం పోయింది. జ్వరంతో చనిపోయిందనే రాస్తారు. శ్లాబు లేక చనిపోయిందని రాయడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

ఇదంతా తలపోసుకుంటూ పోయిన సోమవారం ఆ గీతల పక్కన నిలబడ్డాను. నాలుగో గీత కూడా పూర్తయింది. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. చావు జరిగిన ఇంటి ముందు పెద్దకర్మ అయ్యేదాకా ముగ్గు వెయ్యరు. పల్లెల్లో అది ఎంత పట్టింపో నాకు తెలుసు. ముగ్గు లేని వాకిలి చూసే ఊరికి చావు కబురు తెలుస్తుంది. ఈవిడ సొంత తోటికోడలు, అయిదో రోజుకే ముగ్గు డబ్బా పట్టుకుని ఊరు దాటి వచ్చింది. ఉండబట్టలేక అడిగాను. మైలలో ఉన్నావు కదా, ముగ్గు వెయ్యొచ్చా అని.

ఆవిడ నడుం నిలబెట్టుకుని నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"సచ్చినోళ్ళ ఇంటి ముందల ఎయ్యకూడదు బాబూ, నిజమే. దానికి ఇల్లేదీ?"

నేను పెన్షన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వరండాలో అర్జీలు రాసేవాడి దగ్గర ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఏడు ఇళ్ళకి శ్లాబు లేదని, ఏడు ఫొటోలూ ఒకే ఇంటి ముందు తీసినవని, తీసింది నేనేనని, విచారణలో అబద్ధం రాసింది కూడా నేనేనని, ఎవరు చెబితే రాశానో అదీ రాశాను. మూసేసిన జాబితా తెరిచి, మిగిలిన ఆరుగురికైనా శ్లాబు ఖర్చు ముందుగా ఇవ్వమని రాశాను. కింద నా పేరు, పాత హోదా, సంతకం. పెన్షన్ ఆపేస్తారేమో తెలియదు. ఆపితే ఆపనీ, నాకు సొంతిల్లు ఉంది. పైన శ్లాబు కూడా ఉంది.

కాగితం పట్టుకుని వెనక్కి వచ్చేసరికి నలుగురూ గీతల లోపల కూర్చుని ఉన్నారు. ఆఫీసరు కారు ఇంకా రాలేదు. తోటికోడలు ఏం కాగితమని అడిగింది. చదివి వినిపించాను. ఆవిడ కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

నేను చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి, గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వస్తోంది. ఆ ఇంటికి కూడా శ్లాబు లేదు.